పాత ఫిట్టర్లు వెళ్లిపోతే వాళ్ల పనితనం షాపులో నిలబడాలంటే ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇలా. విశాఖ గాజువాక ఆటోనగర్‌లో మీ నాన్నగారు పెట్టిన పంపులు, గేర్‌బాక్సుల రిపేరు యూనిట్ ఇప్పుడు మీ చేతికొచ్చింది. 40 మంది పనివాళ్లు. వాళ్లలో ముగ్గురు పాత ఫిట్టర్లు త్వరలో మానేస్తున్నారు. వాళ్లకు తెలిసిందంతా రాసిపెట్టించాలని సాఫ్ట్‌వేర్ కొన్నారు, ట్యాబ్‌లు పంచారు. ఆర్నెల్లు గడిచినా అందులో పనికొచ్చే ముక్క ఒక్కటీ చేరలేదు. పిలిపించిన కన్సల్టెంటు "మీ దగ్గర కల్చర్ బాగోలేదండీ" అని చెప్పి బిల్లు ఇచ్చి వెళ్లాడు. ఈ కల్చర్ అనేది నిజంగా ఉందా, చిన్న యజమాని వల్ల అది మారుతుందా, బయట మార్కెట్లో దానికి విలువేమైనా ఉందా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఉంది, మారుతుంది, మార్కెట్లో దానికి నేరుగా రూపాయల్లోనే విలువ ఉంది. కానీ అది గోడ మీద అతికించే నినాదాల్లో ఉండదు. తెలిసినవాడు నోరు విప్పితే అతనికి ఏం జరుగుతుంది, తెలియనివాడు అడిగితే అతనికి ఏం జరుగుతుంది: మీ షాపు కల్చర్ ఈ రెండింట్లోనే ఉంది. ఈ రెండూ సరిగా లేని చోట ఏ సాఫ్ట్‌వేర్ పెట్టినా ఖాళీగానే ఉంటుంది. సరిగా ఉన్న చోట రెండొందల పేజీల నోట్‌బుక్కు కూడా చాలు.

నేను ఇక్కడే ఒక పెద్ద కర్మాగారంలో పంపులు, బ్లోయర్లు, గేర్‌బాక్సుల మెయింటెనెన్స్‌లో పనిచేసి, ఆఖర్లో అప్రెంటిస్‌లకు శిక్షణ ఇచ్చే విభాగంలో ఉండి రిటైర్ అయ్యాను. ఇప్పుడు ఆటోనగర్ నుంచి అచ్యుతాపురం దాకా చిన్న యూనిట్లకు పిలిస్తే వెళ్తుంటాను. మీరు చెప్పిన సమస్య ఆ యూనిట్లలో సగానికి పైగా ఉంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

వాళ్లు ఎందుకు రాయడం లేదు?

దీనికి రెండు కారణాలు ఉంటాయి. వాటిని కలిపేయకూడదు. ఒకటి, వాళ్లకు తెలిసింది రాతలోకి రాదు. రెండు, రాయడం వాళ్లకు ఇష్టం లేదు.

మొదటిదానికి ఒక ఉదాహరణ చెబుతాను. ఒక చోట వేడినీళ్ల పంపు ఉండేది, కాళ్ల మీద బిగించే రకం. అలాంటి పంపు నడిచి వేడెక్కితే దాని శరీరం సాగుతుంది. ఉక్కు మీటరుకి, డిగ్రీకి సుమారు 12 మైక్రాన్ల చొప్పున పెరుగుతుంది. పాదం నుంచి షాఫ్ట్ మధ్యకి 400 మిల్లీమీటర్లు ఉండి, 50 డిగ్రీలు వేడెక్కితే, షాఫ్ట్ దాదాపు పావు మిల్లీమీటరు పైకి లేస్తుంది. కాబట్టి పంపు చల్లగా ఉన్నప్పుడే మోటార్‌ని ఆ మేరకు ఎత్తులో కూర్చోబెట్టాలి. అప్పుడే వేడెక్కాక రెండూ ఒక గీత మీదకి వస్తాయి.

అక్కడున్న పాత ఫిట్టరు ఈ లెక్క ఎప్పుడూ వేయలేదు. ఎత్తు సరిచేయడానికి ఎక్కడ ఎంత షిమ్, అంటే సన్నటి రేకు, ఉంచాలో ఆయన చేతికి తెలుసు. ఇంకోటి కూడా చేసేవాడు. పంపు కొన్నాళ్లు నడిచాక, మోటార్ షాఫ్ట్‌నీ పంపు షాఫ్ట్‌నీ కలిపే కప్లింగ్ మీది గార్డు ఎత్తి, కింద బేస్‌ప్లేటు మీద వేలు పెట్టి తుడిచేవాడు. వేలికి నల్లటి రబ్బరు పొడి అంటితే కప్లింగ్ బుష్‌లు అరుగుతున్నట్టు, అంటే అలైన్‌మెంట్ తప్పి రెండు షాఫ్ట్‌లూ ఒక గీత మీద లేనట్టు. పొడి పొడిగా ఉందా, జిడ్డుగా ఉందా అన్నది కూడా చూసేవాడు. జిడ్డుగా ఉంటే ముందు బేరింగ్ సీల్ సంగతి చూడమనేవాడు. ఇది ఏ మాన్యువల్లోనూ లేదు.

తర్వాత కొత్త ఇంజనీరు ఒకాయన అలైన్‌మెంట్ కొలిచే లేజర్ పరికరంతో వచ్చాడు. మంచి పరికరం, మంచి కుర్రాడు. రీడింగ్ సున్నా చూపించడం లేదని షిమ్ములు తీయించి సున్నా చేశాడు. రిపోర్టు అందంగా వచ్చింది. కొద్ది వారాల్లో బేరింగ్ పోయింది. మార్చి మళ్లీ సున్నా చేశారు, మళ్లీ పోయింది. వేడికి ఎంత పెరుగుతుందో లెక్కలోకి తీసుకునే గడి ఆ లేజర్ పరికరంలోనే ఉంది. దాన్ని ఎవరూ నింపలేదు. పాత ఫిట్టరు ఈ రెండుసార్లూ పక్కనే నిలబడి స్పానర్లు అందించాడు. తర్వాత టీ దగ్గర అడిగితే నాతో అన్నాడు: "నన్నెవరు అడిగారు బాబూ? ఇదివరకోసారి చెప్తే, మిషన్ చూపిస్తుంటే నీకేం తెలుసన్నారు. అప్పట్నుంచి ఏది అడిగితే అది అందిస్తున్నా, అంతే."

ఇక్కడ పుస్తకంలో సూత్రం ఉంది, పరికరంలో గడి ఉంది, మనిషి చేతిలో అనుభవం ఉంది. మూడూ ఒకే పంపు చుట్టూ, రెండు గజాల దూరంలో ఉన్నాయి. లేనిది ఆ ఇద్దరి మధ్య ఒక్క మాట. ఆ మాట రాకుండా చేసింది అంతకుముందెప్పుడో ఎవరో విసిరిన ఒక్క వాక్యం. మీ కన్సల్టెంటు కల్చర్ అన్నది దీన్నే. పేరు చెప్పాడు కానీ విప్పి చూపించలేదు.

రాయించడం మీదే పూర్తిగా ఆధారపడితే ఎంత దూరం వస్తుందో తెలియాలంటే అమెరికా వాళ్ల అనుభవం ఒకటి ఉంది. వాళ్ల అణ్వాయుధాల్లో వాడే ఒక పదార్థానికి ఫాగ్‌బ్యాంక్ అని రహస్య పేరు. 1989 దాకా తయారుచేసి ఆపేశారు. 2000 తర్వాత పాత ఆయుధాల ఆయుష్షు పెంచడానికి మళ్లీ కావాల్సివచ్చింది. అప్పటికి ఆ ప్లాంటు లేదు, చేసినవాళ్లలో చాలామంది లేరు. కాగితాల ప్రకారం చేస్తే పాతదానిలా కుదరలేదు. ఏళ్ల తరబడి వెతికాక తేలింది ఏమిటంటే, పాత రోజుల్లో ముడిసరుకులో ఉండిపోయిన ఒక మలినమే ఆ పదార్థం సరిగా కుదరడానికి కారణం. కొత్త పద్ధతిలో దాన్ని శుభ్రంగా తీసేస్తున్నారు. మొదట చేసినవాళ్లకు కూడా ఆ సంగతి తెలియదు, కనక కాగితంలో లేదు. డబ్బుకి, డిగ్రీలకి కొదవ లేని చోటే ఇలా జరిగింది.

జపాన్‌లో ఇసే ఆలయానిది దీనికి పూర్తిగా వేరే దారి. చెక్కతో కట్టిన ఆ ఆలయాన్ని 20 ఏళ్లకోసారి పక్క స్థలంలో మళ్లీ కొత్తగా కడతారు. చివరిసారి 2013లో పూర్తిచేశారు. ఒకసారి చిన్నవాడిగా పనిచేసినవాడు మళ్లీసారికి మేస్త్రి వయసుకొస్తాడు. వాళ్ల దగ్గర కొలతలు, నమూనాలు లేవని కాదు. పని ఆగకుండా జరుగుతుండటం వల్లే చేతివాటం ఒక తరం నుంచి ఇంకో తరానికి వెళ్తోంది.

ఇష్టం లేకపోవడం సంగతి

దీని గురించి మాట్లాడటం కొంచెం ఇబ్బందే, అయినా తప్పదు. మీ ముగ్గురు ఫిట్టర్లకు ఆ పనితనం తప్ప వేరే ఆస్తి లేదు. అది ట్యాబ్‌లో పెట్టేసిన మర్నాడు తమ అవసరం ఉంటుందా అన్న అనుమానం వాళ్లకుంటుంది. అది అపోహ కాదు, అనుభవం. ఈ చుట్టుపక్కల కాంట్రాక్టు పనుల్లో "పని నేర్పించు, తర్వాత నువ్వు వెళ్లిపో" అన్నది జరగని విషయం కాదు. ఆ భయాన్ని మీరు డబ్బుతో, మాటతో, కాగితంతో తీర్చకుండా జ్ఞానాన్ని పంచుకోవాలని ఉపన్యాసం ఇస్తే వాళ్లు తలూపి ఊరుకుంటారు.

రెండో సంగతి శిక్ష. మీరు ఒక పని చేయండి, పోయిన నెల లాగ్‌బుక్కు తెరవండి. నైట్ షిఫ్టు పేజీల్లో "అన్నీ నార్మల్" అన్న మాట ఎన్నిసార్లుందో చూడండి. ఏ షాపులోనూ అన్ని రాత్రులూ నార్మల్‌గా ఉండవు. నేను చూసిన ఒక విభాగంలో, లాగ్‌బుక్కులో ఏదైనా తేడా రాసినవాడినే పొద్దున మీటింగులో నిలబెట్టి "అప్పుడు నువ్వేం చేస్తున్నావ్?" అని అడిగేవారు. మూడు నాలుగుసార్లు అలా జరిగాక అందరూ నార్మల్ రాయడం నేర్చుకున్నారు. పుస్తకం ఉంది, పెన్ను ఉంది, రాసే అలవాటూ ఉంది. అందులో నిజం మాత్రం లేదు. తర్వాత వచ్చిన అధికారి చేసింది చిన్న మార్పే. లాగ్‌బుక్కు చదివేటప్పుడు పేరు చదవడం మానేశాడు. "మూడో నంబరు పంపు దగ్గర శబ్దం మారిందని ఉంది, చూద్దాం పదండి" అని తానే లేచి అక్కడికి నడిచేవాడు. ఆ పుస్తకం మళ్లీ మాట్లాడటానికి చాలాకాలం పట్టింది. కానీ మాట్లాడింది.

1977 మార్చి 27న టెనెరిఫే విమానాశ్రయంలో పొగమంచులో రెండు జంబో విమానాలు రన్‌వే మీద ఢీకొని 583 మంది చనిపోయారు. ఎగరబోతున్న విమానంలో ఫ్లైట్ ఇంజనీరుకి అనుమానం వచ్చింది: ఆ రెండో విమానం రన్‌వే ఖాళీ చేసిందా లేదా అని. అడిగాడు కూడా. కెప్టెన్ చేసిందని గట్టిగా అనేసరికి మళ్లీ నొక్కలేదు. ఆ కెప్టెన్ ఆ సంస్థలో అందరికంటే పేరున్నవాళ్లలో ఒకడు. తెలుసుకోవాల్సిన విషయం కాక్‌పిట్‌లోనే, ఒక చిన్న హోదా మనిషి నోట్లో ఉంది. ఆ తర్వాతి ఏళ్లలో విమానయాన సంస్థలు, కింది హోదావాడు ఎలా అడగాలి, పైవాడు ఎలా వినాలి అన్నదాన్ని ఇంజిన్ గురించి నేర్పినంత శ్రద్ధగా నేర్పడం మొదలుపెట్టాయి. అంటే కల్చర్ నేర్పితే వచ్చేదే, పుట్టుకతో వచ్చేది కాదు.

మన దగ్గర దీనికి ఇంటి పెంపకం కూడా తోడవుతుంది. పెద్దవాళ్ల మాటకి ఎదురు చెప్పకూడదని పెంచుతారు, ఆ కుర్రాడే ఐటీఐ చదివి షాపులోకి వస్తాడు. అదే పెంపకంలో గురువు మీద గౌరవం, దగ్గర కూర్చుని నేర్చుకునే ఓపిక కూడా వస్తాయి. కనక దాన్ని తీసేయమని చెప్పను. కులం కూడా గేటు దగ్గర ఆగిపోదు. ఎవరు ఎవరితో కూర్చుని టిఫిన్ తింటున్నారో ఒక వారం గమనిస్తే, ఎవరి నుంచి ఎవరికి పని విద్య వెళ్తోందో మీకు చాలావరకు తెలిసిపోతుంది. ఒడిశా నుంచీ బీహార్ నుంచీ వచ్చిన వెల్డర్లు మీ దగ్గర ఉంటే వాళ్లు ఎవరినీ ఏమీ అడగకుండా వేరే మూలన తింటుంటారు. ఆడపిల్ల డిప్లొమా ఇంజనీరుగా చేరితే ఆమె చెప్పిన రీడింగ్‌ని ఇంకో మగవాడు చెప్పేదాకా ఎవరూ లెక్కచేయని షాపులు నేను చూశాను. ఇవన్నీ మీ షాపుకి నష్టాలే, బ్యాలెన్స్ షీటులో మాత్రం కనబడవు.

పాతవాళ్లు చెప్పిందంతా జ్ఞానం కాదు

ఇది గట్టిగా చెప్పాలి, లేకపోతే నా మాటని తప్పుగా పట్టుకుంటారు. "గ్రీజు ఎంత ఎక్కువుంటే బేరింగ్‌కి అంత మంచిది" అన్నది మన షాపుల్లో తరాలుగా నడుస్తున్న నమ్మకం. మామూలు వేగాల్లో బేరింగ్ హౌసింగ్‌లో ఖాళీ స్థలంలో మూడో వంతు నుంచి సగం దాకా నింపితే చాలు. నిండా కూరితే గ్రీజు చిలికినట్టై వేడెక్కి, నూనె విడిపోయి, బేరింగ్ ముందే పోతుంది. ఇలాంటి నమ్మకాన్ని ట్యాబ్‌లో ఎక్కించి శాశ్వతం చేయడం కంటే ఎక్కించకపోవడమే మేలు. పెద్దాయన చెప్పిన ప్రతిదాన్నీ గౌరవంగా వినాలి, మిషన్ మీద పరీక్షించాలి. పరీక్షించడం అవమానం కాదని ఆయనకీ తెలిసేలా ఉండాలి. "మీరు చెప్పిన పద్ధతిలో ఒకటి, మాన్యువల్ పద్ధతిలో ఒకటి నింపుదాం, రెండింటి వేడీ కొలుద్దాం" అంటే ఏ మంచి ఫిట్టరూ కాదనడు. వాళ్లకు ఆసక్తే అది.

ఇంకో మాట. ప్రతి సమస్యకీ కల్చర్ అని పేరు పెట్టేయకండి. స్పేర్లు లేకపోవడం, జీతం ఆలస్యం కావడం, ముగ్గురి పని ఒక్కడితో చేయించడం కల్చర్ సమస్యలు కావు. అవి యజమాని సర్దవలసినవి.

మార్కెట్ సంగతి

మార్కెట్‌లో కూడా ఇదే నడుస్తుందని మీకు నమ్మకం కుదరాలంటే అనకాపల్లి బెల్లం మార్కెట్‌కి ఒక పొద్దున వెళ్లి నిలబడండి, సీజన్‌లో. దిమ్మలు వరుసగా పేర్చి ఉంటాయి. కొనేవాడు రంగు చూస్తాడు, చేత్తో గట్టిదనం చూస్తాడు, ఒక చెక్క విరిచి గింజ చూస్తాడు. నిమిషాల్లో వేలం అయిపోతుంది. అక్కడ ధరని ఎక్కువగా నిర్ణయించేది రంగు. పసుపుపచ్చగా మెరిస్తే మంచి ధర, ముదురు గోధుమరంగులో ఉంటే తక్కువ.

ఇప్పుడు వెనక్కి, గానుగ దగ్గరికి వెళ్లండి. బెల్లం వండేవాడికి తెలిసిన విద్య చిన్నది కాదు. బెండ మొక్కల జిగురుతో మడ్డి తీయడం, సున్నం ఎంత వేయాలో చూడటం, పాకం నీళ్లలో వేసి ఉండ కట్టే తీరు చూసి పెనం దించడం అతని పని. థర్మామీటరు పెట్టి చూస్తే ఆ క్షణం 118 డిగ్రీల దగ్గర ఉంటుంది. అతను థర్మామీటరు లేకుండా అక్కడే దించుతాడు. కానీ మార్కెట్ అతని విద్యలో దేనికి డబ్బిస్తోంది? రంగుకి. రంగు తేవడానికి హైడ్రోస్ అనే రసాయనం ఉంది. అది వేస్తే దిమ్మ తెల్లబడుతుంది, నిల్వలో కొన్నాళ్లకి మళ్లీ నల్లబడుతుంది, అప్పటికి చేతులు మారిపోయి ఉంటుంది. అనకాపల్లిలో 1913 నుంచి చెరకు పరిశోధన కేంద్రం ఉంది. మంచి రకాలు, మంచి పద్ధతులు చెప్పడానికి శాస్త్రవేత్తలకు లోటు లేదు. అయినా కొనేవాడి కంటికి అలవాటైన రంగు ముందు ఆ సలహా నిలబడటం కష్టమైంది.

దీంట్లో సమాజం కూడా ఉంది. ముదురురంగు బెల్లం అనగానే మన వైపు సారా గుర్తొస్తుంది. నల్లబెల్లం నాటుసారాకి వెళ్తుందని ఎక్సైజ్ వాళ్ల నిఘా ఉంటుంది. కాబట్టి రసాయనం వేయకుండా వండిన రైతు ధరా తక్కువ తెచ్చుకుంటాడు, అనుమానపు చూపులూ భరిస్తాడు. ఈమధ్య విశాఖలో ఎంవీపీ కాలనీ లాంటి చోట్ల దుకాణాల్లో అదే ముదురు బెల్లాన్ని సహజమైనదని పేరు పెట్టి ఎక్కువ ధరకి అమ్ముతున్నారు. సరుకు మారలేదు. కొనేవాడికి తెలిసింది మారింది, దాంతో ధర మారింది. మార్కెట్ దేన్ని చూడగలదో దానికే డబ్బిస్తుంది. అది ఏం చూడాలో నేర్పేది అక్కడి అలవాట్లు.

సమాచారం ఒక్కటీ చేరితే చాలదా అంటే, ఒక్కోచోట చాలుతుంది. ఉత్తర కేరళలో 1997 నుంచి 2001 మధ్య సెల్‌ఫోన్లు వచ్చినప్పుడు కవళ్లు పట్టే పడవలవాళ్లు సముద్రంలోంచే ఏ ఊరి ఒడ్డున ఏ ధర ఉందో కనుక్కోవడం మొదలుపెట్టారు. దీనిమీద రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త 2007లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఊరికీ ఊరికీ మధ్య ధరల తేడా బాగా తగ్గింది, అమ్ముడుపోక పారబోసే చేప దాదాపు లేకుండా పోయింది, పడవలవాళ్ల లాభం 8 శాతం పెరిగింది, కొనేవాళ్లకి ధర 4 శాతం తగ్గింది.

మన ఫిషింగ్ హార్బర్లో వేలంపాట దగ్గర నిలబడితే ఇంకో పార్శ్వం కనబడుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. ఆ 61 రోజులూ బోటుకి రిపేరు, వలలు, ఇంటి ఖర్చు అన్నీ అప్పే. ఆ అప్పిచ్చిన షావుకారికే తర్వాత సరుకు పోయాలి. బోటు యజమాని చేతిలో ఫోను ఉంది, కాకినాడలో రొయ్య ధర ఎంతో అతనికి తెలుసు. తెలిసీ ఇక్కడే, ఈయనకే ఇస్తాడు. దీన్ని దోపిడీ అని ఒక్క మాటలో కొట్టేయలేను. తుఫాను వచ్చి బోటు దెబ్బతింటే రాత్రికి రాత్రి డబ్బు సర్దేది కూడా ఆ షావుకారే. హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబరు 12న ఈ ఊరిని తాకిన తర్వాతి వారాల్లో బ్యాంకు కాగితాలకంటే ముందు కదిలింది అలాంటి సంబంధాలే. తెలియడం వేరు, తెలిసినదాన్ని వాడుకోగలిగే స్థితిలో ఉండటం వేరు. ఎవరినీ ఏమీ అడగకుండా వేరే మూలన తినే మీ వెల్డరు విషయంలోనూ అంతే.

మీ యూనిట్‌కి దీన్ని అన్వయించుకోండి. మీకు ఫోను చేసే ప్లాంటువాళ్లు మీ కంపెనీ పేరు చెప్తున్నారా, "మీ పెద్ద ఫిట్టరుని పంపండి" అంటున్నారా? రెండోదే అయితే మీ మార్కెట్ అంతా ఒక మనిషి మీద నిలబడి ఉంది. కొనేవాడికి మీ పనితనం కనబడేలా చేయండి. రిపేరు చేసిన పంపుతో పాటు పాత భాగం ఎందుకు పోయింది, ఏ కొలత ఎంత ఉంది, ఎంత చేశాం అన్నది ఒక పేజీ తెలుగులోనో ఇంగ్లీషులోనో ఇవ్వండి. తక్కువ రేటు కోట్ చేసే పక్క షాపుకీ మీకూ తేడా ఏమిటో ఆ కాగితం లేకపోతే వాళ్లకు తెలియదు, బెల్లం రంగు చూసినట్టు రేటు మాత్రమే చూస్తారు.

గేటు బయట

సమాజం గురించి మీరు అడగలేదు కానీ విశాఖలో ఉండి ఇది రాయకుండా వదలలేను. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం ట్యాంకు నుంచి స్టైరీన్ అనే విష రసాయనపు ఆవిరి ఊళ్లోకి వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ నివేదికలో రెండు విషయాలు నన్ను ఇప్పటికీ వదలవు. ట్యాంకులో ఉష్ణోగ్రతని అడుగుభాగంలోనే కొలుస్తున్నారు. పైన వేడి పెరుగుతున్నది ఎవరి లెక్కలోనూ లేదు. సైరన్ ఉంది, మోగించలేదు. ఆ ఆవిరి గాలికంటే బరువైనదనీ, నేలబారున వస్తుందనీ, గాలి వాలుకి ఎదురుగానో అడ్డంగానో వెళ్లాలనీ రసాయనశాస్త్రం తెలిసిన ప్రతివాడికీ తెలుసు. ప్రహరీ అవతల నిద్రపోతున్నవాళ్లకి ఎవరూ చెప్పలేదు. లోపలి విషయం బయటివాళ్లకి చెప్పకూడదన్న అలవాటు చాలా కర్మాగారాల్లో ఉంది. మీ షాపులో కటింగ్ గ్యాస్ సిలిండర్లు ఉంటాయి, పెయింటు, థిన్నర్ ఉంటాయి. మీ గోడకి ఆనుకుని టీ బడ్డీ పెట్టుకున్నవాళ్లకి ఏవి ఎక్కడున్నాయో, ఏదైనా అయితే ఎటు వెళ్లాలో చెప్పారా? ఈ వారమే చెప్పండి.

మీరు చేయగలిగినవి

ట్యాబ్‌లు పెద్దవాళ్ల దగ్గరనుంచి తీసేసుకోండి. రాసేది చిన్నవాళ్లు, దిద్దేది పెద్దవాళ్లు. ఒక్కో పాత ఫిట్టరు పక్కన ఇద్దరు కుర్రాళ్లని పెట్టండి. ఒక్కడినే పెడితే ఆ కుర్రాడు రేపు అచ్యుతాపురంలో రెండువేలు ఎక్కువిచ్చేచోటికి వెళ్లిపోతాడు. రోజు చివర కుర్రాడు తాను చూసింది నాలుగు వాక్యాల్లో రాసి, పెద్దాయనకి చదివి వినిపించాలి. ఆయన "అలా కాదురా" అంటాడు చూడండి, మీకు కావాల్సింది అక్కడే బయటికొస్తుంది. ఖాళీ గడి ముందు కూర్చోబెడితే ఆయనకి ఏమీ గుర్తురాదు. తప్పు వింటే మాత్రం ఊరుకోలేడు.

పాడైన భాగాలకి ఒక షెల్ఫ్ పెట్టండి. నాకు అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి ఇది. పోయిన బేరింగ్‌ని పాత ఇనుముకి అమ్మేయకుండా కోసి, రేసు, అంటే లోపల గుండ్లు దొర్లే దారి, కనబడేలా పెట్టి, ఏ మిషన్‌ది, ఎన్నాళ్లు నడిచింది అన్నది చీటీ కట్టండి. రేసు మీద సన్నటి అడ్డగీతలు వరుసగా, వాష్‌బోర్డు మీద ఉన్నట్టు కనబడితే, బేరింగ్ గుండా కరెంటు పోయిందని చెప్పవచ్చు. మన షాపుల్లో బేరింగ్ గుండా కరెంటు పోవడానికి ఒక కారణం, వెల్డింగ్ ఎర్త్ క్లాంపుని పని దగ్గర కాకుండా ఎక్కడో మిషన్ ఒంటికి తగిలించడం. ఈ విషయం మీరు బోర్డు మీద రాస్తే ఎవరూ చదవరు. ఆ బేరింగ్‌ని చేతిలో పెట్టి గోరుతో ఆ గీతలు తడిమిస్తే, ఆ వెల్డరు మళ్లీ ఎర్త్ ఎక్కడ పెట్టాలో మర్చిపోడు. హిందీ వచ్చినా తెలుగు వచ్చినా ఆ గీతలు అందరికీ ఒకేలా తెలుస్తాయి.

ఏదైనా రిపేరు తిరిగొచ్చినప్పుడు పావుగంట ఆ మిషన్ దగ్గరే నిలబడి మాట్లాడండి, ఆఫీసు గదిలో వద్దు. మొదటి ప్రశ్న "ఏం కనబడింది" అని ఉండాలి, ఎవరు చేశారన్నది వద్దు. అందరికంటే చిన్నవాడితో మొదలుపెట్టించి, పెద్దాయన్ని చివర మాట్లాడమనండి. మీరు ఆయన తర్వాత మాట్లాడండి. యజమాని ముందే తన అభిప్రాయం చెప్పేస్తే ఇక మిగతా నలభై మందికీ అదే అభిప్రాయం వస్తుంది.

సాఫ్ట్‌వేర్ పారేయనక్కర్లేదు. క్లియరెన్సులు (భాగాల మధ్య వదలాల్సిన సందులు), పార్ట్ నంబర్లు, డ్రాయింగులు, ఏ కస్టమర్ పంపు ఎప్పుడొచ్చింది, ఇవి దానికి సరైన సరుకు. ఫొటోలూ, చిన్న వీడియోలూ పెట్టించండి. మీ కుర్రాళ్లు రోజూ వాడే వాట్సాప్ గ్రూపులో వచ్చినవాటిని వారానికోసారి ఒకరు అందులోకి మార్చితే సరిపోతుంది.

ఇక ఆ ముగ్గురి సంగతి. ముందు ఒక్కొక్కరితో విడిగా కూర్చోండి, మీ ఆఫీసులో కాదు, వీలైతే వాళ్లింటికి వెళ్లి. మానేశాక కూడా వారానికి రెండు రోజులు రావాలని, దానికి ఇంత ఇస్తామని, అది ఎన్నాళ్లో కాగితం మీద రాసి ఇవ్వండి. ఆ రెండు రోజులూ వాళ్ల చేత స్పానరు పట్టించకండి. కుర్రాళ్లు చేస్తుంటే చూడటం, దిద్దటం వాళ్ల పని. రోజుకూలీ లెక్కన కాకుండా నేర్పేవాడి లెక్కన ఇవ్వండి. ఆ తేడాని మొత్తం షాపు గమనిస్తుంది. వాళ్లలో ఎవరి మోకాళ్లు, కళ్లు ముందు బలహీనపడుతున్నాయో మీకు తెలిసే ఉంటుంది. ఆయనతో మొదలుపెట్టండి. ఏ కస్టమర్ పంపుకి ఆయనే కావాలంటున్నారో ఆ పంపు ఈసారి షాపుకి వచ్చినప్పుడు ఇద్దరు కుర్రాళ్ల చేత విప్పించి, ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టండి. డెలివరీకి రెండు రోజులు ఎక్కువ పడుతుందని కస్టమర్‌కి ముందే చెప్పండి.